ఫోన్ తడిసిందా, పగిలిందా, సిగ్నల్ పోయిందా? లోపం ఎక్కడుందో తేల్చుకునే పద్ధతి

రిపేరు షాపు మెట్లెక్కేటప్పటికే చాలామంది లోపం పేరు తామే ఖాయం చేసుకుని ఉంటారు. "బ్యాటరీ పోయింది, మార్చెయ్యండి" అంటారు. బ్యాటరీ మార్చాక కూడా ఛార్జింగ్ ఎక్కదు, ఎందుకంటే పోయింది ఛార్జింగ్ పిన్. "నెట్‌వర్క్ ఐసీ పోయిందట" అని వేలకు వేలు పోస్తారు. తీరా చూస్తే ఆ ఊళ్లో టవర్ ఇచ్చే బ్యాండు (టవర్ వాడే తరంగాల వరస) ఆ ఫోన్‌లో పుట్టుకతోనే లేదు. తేడా ఫోన్‌లో ఉందా, సిమ్‌లో ఉందా, నెట్‌వర్క్‌లో ఉందా అనేది ఇంట్లో కూర్చుని పది నిమిషాల్లో చాలావరకు తేల్చుకోవచ్చు. అది తేలాకే డబ్బు బయటికి తీయండి.

నీళ్లలో పడితే

ఫోన్‌ని పాడుచేసేది ఒక్క నీళ్లే కాదు. నీళ్లూ కరెంటూ కలవడం వల్లే అసలు నష్టం. ఫోన్ ఆఫ్‌లో ఉన్నా బ్యాటరీ బోర్డుకి తగిలే ఉంటుంది. దాదాపు 4 వోల్టుల కరెంటు కొన్ని దారుల్లో ఎప్పుడూ నిలబడి ఉంటుంది. నీళ్లలోని లవణాలు ఆ కరెంటుకి దారి ఇస్తాయి. రాగి దారులు, ఐసీల (బోర్డు మీది చిప్పుల) కింది టాంకాలు తుప్పు పట్టడం గంటల్లోనే మొదలవుతుంది. నీళ్లలో పడిన వారానికి ఫోన్ విప్పితే బోర్డు మీద పచ్చగా, తెల్లగా పొక్కులు కనిపించేది ఇందుకే. కాబట్టి ముందు కరెంటు ఆపాలి, ఆ తర్వాతే ఆరబెట్టడం.

1. బయటికి తీసిన వెంటనే స్విచాఫ్ చెయ్యండి. పనిచేస్తోందో లేదో చూద్దామని యాప్‌లు తెరవొద్దు. బటన్లు పదేపదే నొక్కొద్దు, నొక్కిన ప్రతిసారీ సీలు పక్కనుంచి ఇంకాస్త నీరు లోపలికి పోతుంది.
2. ఛార్జర్ పెట్టొద్దు. వైర్‌లెస్ ఛార్జర్ కూడా వద్దు. తడిసి బతికిన ఫోన్లు ఎక్కువగా చచ్చేది ఈ ఒక్క తప్పుతోనే.
3. కేసు ఊడదీయండి, సిమ్ ట్రే లాగెయ్యండి. మెమొరీ కార్డు ఉంటే అదీ తీసి విడిగా తుడవండి.
4. ఛార్జింగ్ పోర్టు నేలవైపు ఉండేలా పట్టుకుని అరచేతికి మెల్లగా తట్టండి. గట్టిగా విదిలిస్తే పోర్టులో ఉన్న చుక్క కెమెరా దాకా పోతుంది.
5. పీచు రాలని నూలుగుడ్డతో అద్ది, పోర్టు కిందికి వాలేలా ఆనించి, ఫ్యాను గాలికి 24 నుంచి 48 గంటలు ఉంచండి. బూట్ల డబ్బాల్లో వచ్చే సిలికా జెల్ పొట్లాలు దాచి ఉంటే, ఓ పూట గాలికి ఆరాక వాటితో పాటు మూత బిగుతైన డబ్బాలో పెట్టండి.

బియ్యం డబ్బాలో పెట్టడం మన ఇళ్లలో బాగా పాతుకుపోయిన అలవాటు. బియ్యం గాలికంటే త్వరగా తడిని లాగదు సరికదా, దాని పిండి, నూకలు పోర్టులో దూరి తడితో కలిసి గంజిలా అంటుకుంటాయి. ఆపిల్ కంపెనీ తన సూచనల్లో బియ్యం వద్దని నేరుగానే రాసింది. హెయిర్ డ్రయర్ కూడా వద్దు. వేడిగాలి నీటిని లోపలికి నెట్టడమే కాకుండా, డిస్‌ప్లేని పట్టి ఉంచే జిగురునీ వదులు చేస్తుంది.

పడింది ఏ నీళ్లలో అన్నది కూడా చూసుకోవాలి. కుళాయి నీళ్లకంటే విశాఖ బీచ్‌లో ఉప్పునీళ్లు ఎన్నో రెట్లు ప్రమాదం. కొబ్బరినీళ్లు, చెరుకురసం, టీ అయితే చక్కెర బంకలా మిగిలిపోతుంది, ఎంత ఆరబెట్టినా పోదు. ఇలాంటప్పుడు 48 గంటలు వేచి చూడకుండా అదే రోజు షాపుకి తీసుకెళ్లి, ముందు బ్యాటరీ కనెక్టర్ ఊడదీయించండి. ఆ తర్వాత బోర్డు బయటికి తీసి, షీల్డులు ఎత్తి, ఐపీఏతో కడగమని అడగండి. ఐపీఏ అంటే ఐసోప్రొపైల్ ఆల్కహాల్, 99 శాతం గాఢత ఉన్నది వాడాలి. అల్ట్రాసోనిక్ క్లీనర్ ఉన్న షాపైతే ఇంకా మంచిది. లోపల ముఖ్యమైన ఫోటోలు, లెక్కలు ఉంటే మామూలు నీళ్లలో పడినా ఇదే దారి పట్టండి. ఆరబెట్టడం వల్ల నీరు పోతుంది, లవణం పోదు. రెండు వారాలు బాగా నడిచి ఒక పొద్దున హఠాత్తుగా ఆగిపోయే ఫోన్లు ఇలాంటివే.

సిమ్ ట్రే తీసిన కన్నంలోకి మరో ఫోన్ టార్చ్ వేసి చూడండి. చాలా మోడళ్లలో లోపల చిన్న తెల్ల స్టిక్కర్ ఉంటుంది. నీరు తగిలితే ఎర్రగా మారుతుంది, మళ్లీ తెల్లబడదు. సర్వీస్ సెంటర్‌లో మొదట చూసేది దాన్నే. ఎర్రగా ఉంటే వారంటీ మాట మర్చిపోవాల్సిందే. "ఐపీ68 అని రాశారు కదా" అని వాదించినా లాభం లేదు. ఐపీ అంకె ఫోన్ నీటిని ఎంతవరకు ఆపుతుందో చెప్పే గుర్తు. ఐపీ67 అంటే 1 మీటరు లోతు మంచినీటిలో 30 నిమిషాలు. ఐపీ68 అంటే అంతకంటే ఎక్కువ, ఎంత అన్నది కంపెనీ చెప్పినంత. ఇవన్నీ కొత్త ఫోన్‌తో, ల్యాబులో, కదలని నీటిలో చేసిన పరీక్షలు. ఒకసారి కింద పడి ఫ్రేము వంగినా, ఒకసారి విప్పి అతికించినా ఆ సీలు మీద నమ్మకం పెట్టుకోవద్దు. నీటి నష్టానికి మామూలు వారంటీ ఎలాగూ వర్తించదు.

ఆన్ చేశాక కెమెరా అద్దం లోపల ఆవిరి పట్టినట్టు కనిపిస్తే ఇంకా తడి ఉందన్నమాట, వెంటనే ఆఫ్ చెయ్యండి. "ఛార్జింగ్ పోర్టులో తేమ ఉంది" అనే హెచ్చరిక వస్తే కేబుల్ తీసి, పోర్టు కిందికి పెట్టి తట్టి, కనీసం అరగంట ఆగి మళ్లీ చూడండి. అప్పటికీ వస్తే ఒక రోజు ఆగండి.

స్క్రీన్ పగిలితే

"డిస్‌ప్లే పోయింది" అనే మాటలో మూడు వేర్వేరు నష్టాలు దాగి ఉంటాయి. పైన గాజు, దాని కింద టచ్, ఆ కింద బొమ్మ చూపించే ప్యానెల్. గీతలు పడ్డా బొమ్మ శుభ్రంగా ఉండి, టచ్ అన్నిచోట్లా పనిచేస్తే పగిలింది గాజొక్కటే. బొమ్మ ఉండి వేలికి స్పందించకపోతే టచ్. నల్లటి సిరా మరక పాకుతున్నట్టు, నిలువు గీతల్లా కనిపిస్తే ప్యానెల్. నలుపు పూర్తిగా కమ్మేసినా రింగ్ అవుతుంటే, వైబ్రేట్ అవుతుంటే బోర్డు బాగానే ఉంది.

టచ్ పరీక్షకి సులువైన పద్ధతి: హోమ్ స్క్రీన్‌లో ఏదో ఒక యాప్ గుర్తుని నొక్కిపట్టి, వేలు ఎత్తకుండా తెరంతా దున్నినట్టు పై నుంచి కిందిదాకా లాగండి. ఎక్కడ గుర్తు చేజారి ఆగిపోతుందో అక్కడ టచ్ చచ్చింది. శాంసంగ్‌లో డయలర్‌లో *#0*# కొడితే పరీక్షల పట్టిక వస్తుంది. షావోమీ, రెడ్‌మీలో *#*#6484#*#*.

గాజొక్కటే మార్చడం చౌకే, కానీ ఆ పని అందరి చేతికీ అబ్బదు. ప్యానెల్‌ని వేడి చేసి, సన్నటి తీగతో గాజుని వేరు చేసి, ఓసీఏ అనే పారదర్శక జిగురు పొరతో కొత్త గాజు అతకాలి. ఆ వేడిలోనో, తీగ లాగేటప్పుడో అమోలెడ్ ప్యానెల్ చచ్చిపోతే పూర్తి కాంబో ఖర్చు ఎవరిదన్నది ముందే మాట్లాడుకోండి. కాంబో అంటే గాజు, టచ్, ప్యానెల్ కలిపి ఒకే ముక్కగా వచ్చేది.

కాంబోలో రకాలుంటాయి. అమోలెడ్ తెర (ప్రతి చుక్కా తానే వెలిగే రకం) ఉన్న ఫోన్‌కి చౌకగా ఎల్‌సీడీ కాపీ (వెనక లైటుతో వెలిగే రకం) వేస్తే మూడు తేడాలు కనిపిస్తాయి: నలుపు బూడిదరంగులా ఉంటుంది, తెర అంచు ఫ్రేము నుంచి కాస్త ఎత్తుగా నిలుస్తుంది, తెర కింద ఉండే వేలిముద్ర పనిచెయ్యదు. ఎందుకంటే వేలిముద్ర చదివే వెలుతురు అమోలెడ్ పొర గుండా మాత్రమే పోగలదు, ఎల్‌సీడీ వెనకున్న బ్యాక్‌లైట్ పొర దాన్ని అడ్డుకుంటుంది. "వేలిముద్ర పనిచేస్తుందా?" అని ధర అడిగేముందే అడగండి. ఆ ఒక్క ప్రశ్నకి వచ్చే జవాబుతోనే ఏ రకం వేస్తున్నారో తెలిసిపోతుంది. దెబ్బ తగలకుండానే అమోలెడ్ తెర మీద పచ్చ గీత పడితే మాత్రం షాపుకి వెళ్లకుండా ముందు కంపెనీ సర్వీస్ సెంటర్‌ని అడగండి. కొన్ని కంపెనీలు కొన్ని మోడళ్లకి ఈ లోపాన్ని వారంటీ దాటినా ఉచితంగా సరిచేస్తున్నాయి.

తెర పోయిందని ఫోటోలు వదులుకోనక్కర్లేదు. బొమ్మ కనిపించి టచ్ చచ్చినప్పుడు ఓటీజీ ముక్క (ఫోన్‌కి యూఎస్‌బీ పరికరాలు కలిపే చిన్న అడాప్టర్) పెట్టి మామూలు కంప్యూటర్ మౌస్ గుచ్చండి, తెర మీద బాణం గుర్తు వస్తుంది. దాంతో ప్యాటర్న్ గీసి లాక్ తీసి బ్యాకప్ తీసుకోవచ్చు. బొమ్మే లేకపోతే, శాంసంగ్ ఎస్ సిరీస్ లాంటి ఖరీదైన ఫోన్లు సీ టైప్ నుంచి హెచ్‌డీఎంఐ అడాప్టర్ పెడితే టీవీ మీద కనిపిస్తాయి. మధ్యరకం ఫోన్లలో ఎక్కువ వాటికి ఈ సౌకర్యం ఉండదు.

పగిలిన తెరని అలాగే వాడుతుంటే వెడల్పాటి పారదర్శక టేపు అతికించండి. గాజు పొడి వేలిలో దిగడమే కాదు, పగుళ్లలోంచి చెమట, వానచినుకు లోపలికి దిగుతాయి.

ఛార్జింగ్ ఎక్కకపోతే

ముందు అడాప్టర్ మార్చి చూడండి, తర్వాత కేబుల్, ఆ తర్వాతే ఫోన్‌ని అనుమానించండి. నూటికి ఎక్కువసార్లు కేబులే దొంగ, మెడ దగ్గర లోపల తీగ తెగి ఉంటుంది.

కేబుల్ పెట్టినప్పుడు 'టక్' మని కూర్చోకుండా, ఒకట్రెండు మిల్లీమీటర్లు బయటికి కనిపిస్తూ వదులుగా ఊగుతోందా? అయితే పోర్టులో చెత్త ఉంది. టార్చ్ వేసి చూస్తే సీ టైప్ కన్నం అడుగున బూడిదరంగు నమదాలాంటి పొర కనిపిస్తుంది. జేబులో నూలు పీచు, చెమట కలిసి, కేబుల్ పెట్టిన ప్రతిసారీ నొక్కుకుని గట్టిపడిన ముద్ద అది. ఫోన్ ఆఫ్ చేసి, చెక్క టూత్‌పిక్ కొన సన్నగా చెక్కి, మధ్యలో ఉన్న నాలుకకి తగలకుండా గోడ పక్కనుంచి దింపి, మెల్లగా పైకి గీరండి. జీన్స్ వేసుకునేవాళ్ల ఫోన్లో నీలం ఉండ ఒకటి బయటపడుతుంది. అది వచ్చాక కేబుల్ మళ్లీ టక్ మంటుంది. గుండుసూది, పిన్నీసు వాడొద్దు. ఆ నాలుక మీద రెండువైపులా కలిపి 24 కాంటాక్టులుంటాయి. ఇనుము కొన రెండింటిని కలిపితే షార్ట్.

చెత్త లేకపోయినా కేబుల్ వంచి పట్టుకుంటేనే ఎక్కుతుంటే పిన్ అరిగింది. చాలా ఫోన్లలో పిన్ కింద సబ్ బోర్డు మీద ఉంటుంది, ఆ చిన్న బోర్డు మొత్తం మార్చేస్తారు. అది చిన్న ఖర్చే. అలా కాకుండా ఛార్జింగ్ గుర్తు వచ్చి శాతం పెరగకపోతే, ఫోన్ పైభాగం ఊరికే వేడెక్కుతుంటే బోర్డు మీద లోపం. అది బోర్డు పని తెలిసినవాళ్ల దగ్గరే చేయించాలి.

బ్యాటరీ ఉబ్బితే

టేబుల్ మీద బోర్లా పెడితే ఫోన్ బొంగరంలా తిరుగుతోందా? బ్యాక్ ప్యానెల్ ఒక అంచున లేచిందా? తెర మధ్యలో తెల్లటి మచ్చలా వచ్చిందా? బ్యాటరీ ఉబ్బింది. ఆ క్షణం నుంచి ఛార్జింగ్ ఆపండి, స్విచాఫ్ చెయ్యండి, ప్యానెల్‌ని నొక్కి మూయాలని చూడొద్దు, గుచ్చొద్దు. మంచం, దిండు, పిల్లలు దగ్గర లేని చోట గచ్చు మీదో స్టీలు పళ్లెంలోనో ఉంచి, అదే రోజు మార్పించండి. లోపల పేరుకున్నది మండే వాయువు. పాతదాన్ని చెత్తబుట్టలో వెయ్యకుండా షాపులోనే వదిలేసి, ఈ-వేస్ట్‌కి పంపమని చెప్పండి.

ఉబ్బడానికి పెద్ద కారణం వేడి. మే నెలలో రామగుండం, రెంటచింతల లాంటి చోట్ల ఎండలో ఆగిన కారు డాష్‌బోర్డు మీద ఫోన్ వదలడం, ఛార్జింగ్ పెట్టి గేము ఆడటం, దిండు కింద పెట్టి రాత్రంతా ఛార్జ్ చెయ్యడం, ఈ మూడూ మానితే చాలు. ఛార్జింగ్‌లో వేడెక్కితే కేసు తీసెయ్యండి. ఫ్రిజ్‌లో పెట్టొద్దు, లోపల తేమ పట్టి నీళ్లలో పడ్డంత పని అవుతుంది. సెట్టింగ్స్‌లో 80 శాతం దగ్గర ఆపే ఏర్పాటు ఉంటే పెట్టుకోండి. కొన్నాళ్లు వాడకుండా పక్కన పెట్టే ఫోన్‌ని సగం ఛార్జింగ్‌తో ఆఫ్ చేసి ఉంచండి, సున్నాతోనూ నూరుతోనూ కాదు.

డెలివరీ పనిలో ఉన్నవాళ్లకి మరో మాట. బైక్ హ్యాండిల్‌కి బిగించిన ఫోన్‌లో ఇంజిన్ అదురుకి కెమెరా పోతుంది. ఓఐఎస్ (చేతి వణుకుని సర్దే ఏర్పాటు) ఉన్న కెమెరాలో లెన్సుని చిన్న అయస్కాంతాల మీద తేలేలా పెడతారు. నెలల తరబడి అదిరితే ఆ అమరిక సడలి ఫోటోలు వణుకుతాయి. కుదిరితే ఇయర్‌ఫోన్‌లో మ్యాప్ వింటూ ఫోన్ జేబులో పెట్టుకోండి. తప్పనిసరైతే అదురు తగ్గించే రబ్బరు ముక్క ఉన్న హోల్డర్ కొనండి.

సిగ్నల్ లేదా? ముందు సిమ్ మార్చి చూడండి

ఏరోప్లేన్ మోడ్ పది సెకన్లు వేసి తీయండి. ఫోన్ రీస్టార్ట్ చెయ్యండి. అప్పటికీ రాకపోతే మీ సిమ్ ఇంకో ఫోన్‌లో, ఇంకొకరి సిమ్ మీ ఫోన్‌లో వేసి చూడండి. మీ సిమ్ ఎక్కడ వేసినా పలకకపోతే సిమ్ పోయింది, లేదా ఆ కంపెనీ టవర్ ఆగింది. ఏ సిమ్ వేసినా మీ ఫోన్‌లోనే రాకపోతే ఫోన్ లోపం. ఒక స్లాట్‌లో వచ్చి రెండోదాంట్లో రాకపోతే స్లాట్ లోపం.

సిమ్ పోయిందని తేలితే డూప్లికేట్ తెచ్చుకోండి. కొత్త సిమ్ పలికాక 24 గంటలు ఎస్సెమ్మెస్‌లు రావు, పోవు. మోసగాళ్లు మీ పేరుతో సిమ్ తీసుకుని ఓటీపీలు కొట్టెయ్యకుండా పెట్టిన నిబంధన అది. ఆ రోజు బ్యాంకు పనులు పెట్టుకోకండి. 2024 జులై 1 నుంచి డూప్లికేట్ తీసుకున్న 7 రోజుల దాకా నంబరు పోర్ట్ చెయ్యడం కూడా కుదరదు.

లోపం ఫోన్‌దే అని తేలితే *#06# కొట్టండి. ఒక్కో ఫోన్‌కి విడిగా ఉండే 15 అంకెల గుర్తింపు నంబరు, ఐఎంఈఐ, రావాలి. ఖాళీగానో, సున్నాలతోనో వస్తే, అబౌట్ ఫోన్‌లో బేస్‌బ్యాండ్ (సిగ్నల్ భాగం సాఫ్ట్‌వేర్) వెర్షన్ దగ్గర 'అన్‌నోన్' అని ఉంటే నెట్‌వర్క్ భాగంలో బోర్డు లోపం. సాఫ్ట్‌వేర్ వేస్తే పోవచ్చు, కింద పడ్డ ఫోన్ అయితే ఐసీ టాంకా వదిలి ఉండొచ్చు. ఐఎంఈఐ సరిగ్గా ఉండీ సిగ్నల్ బలహీనంగా ఉంటే యాంటెన్నా వైపు చూడాలి.

ఇక్కడ గీతలు లెక్కపెట్టొద్దు, ఏ కంపెనీ ఎన్ని గీతలు చూపించాలన్నది వాళ్లిష్టం. సెట్టింగ్స్‌లో అబౌట్ ఫోన్, అందులో సిమ్ స్టేటస్, అక్కడ సిగ్నల్ స్ట్రెంత్ డీబీఎం అనే కొలతలో, మైనస్ అంకెగా ఉంటుంది; సున్నాకి ఎంత దగ్గరైతే అంత బలం. ఐఫోన్‌లో *3001#12345#* కొట్టి డయల్ చెయ్యాలి. 4జీలో మైనస్ 80 అంటే భేష్. మైనస్ 100 దగ్గర పని నడుస్తుంది. మైనస్ 110 దాటితే మాట తెగుతుంది. మైనస్ 120 అంటే లేనట్టే. అదే కంపెనీ సిమ్ ఉన్న మరో ఫోన్‌ని పక్కన పెట్టి, రెండూ 4జీలో ఉండగా పోల్చండి. మీది ఎప్పుడు చూసినా 10 డీబీఎం తక్కువ ఉంటే అందే శక్తి పదో వంతే అన్నమాట. ఇనుప కేసు, అయస్కాంతం రింగు ఉంటే తీసి చూడండి.

డిస్‌ప్లేనో బ్యాటరీనో మార్పించాక సిగ్నల్ తగ్గిందా? చాలా ఫోన్లలో పైనున్న మెయిన్ బోర్డుకీ కిందున్న సబ్ బోర్డుకీ మధ్య, గుర్రపువెంట్రుక కంటే కాస్త లావైన నల్లటి యాంటెన్నా వైరు పోతుంది. దాని కొసన ఆవగింజంత గుండ్రటి ఇత్తడి బొత్తాం ఉంటుంది, అది నొక్కితే 'టిక్' మని కూర్చోవాలి. బిగించేటప్పుడు అది మర్చిపోవడం, సగమే కూర్చోవడం మామూలు పొరపాటు. షాపుకి వెళ్లి "యాంటెన్నా వైరు ఒకసారి చూడండి" అని అడగండి. ఐదు నిమిషాల పని, దానికి కొత్త బోర్డు అక్కర్లేదు.

సెకండ్ హ్యాండ్‌లో కొన్న ఫోన్‌కి ఐఎంఈఐ వచ్చినా ఏ సిమ్మూ పలకకపోతే అది దొంగఫోన్‌గా బ్లాక్ అయి ఉండొచ్చు. అందుకే కొనేముందే ఇంగ్లీషులో కేవైఎం అని కొట్టి, ఒక ఖాళీ వదిలి, ఐఎంఈఐ వేసి 14422కి ఎస్సెమ్మెస్ చెయ్యండి. మీ ఫోనే పోతే పోలీసు ఫిర్యాదు ఇచ్చి, డూప్లికేట్ సిమ్ తీసుకుని, సంచార్ సాథీ పోర్టల్‌లో ఐఎంఈఐ బ్లాక్ చేయించండి. డబ్బు పోతే ఆలస్యం లేకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చెయ్యండి. ఐఎంఈఐ ఇవాళే ఒక కాగితం మీద రాసుకుని బిల్లుతో పాటు దాచండి, ఫోన్ పోయాక *#06# కొట్టడానికి ఫోన్ ఉండదు.

2జీ, 4జీ, 5జీ: మీ ఫోన్‌కి ఏది అందుతుంది?

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ, యానాం కలిపి టెలికాం లెక్కల్లో ఒకే సర్కిల్. అయినా ఒక్కో కంపెనీ వాడే తరంగాలు వేరు. తక్కువ మెగాహెర్ట్జ్ తరంగం దూరం పోతుంది, గోడ దాటుతుంది. ఎక్కువ మెగాహెర్ట్జ్‌ది వేగం ఎక్కువ, దూరం తక్కువ.

జియో 2016 సెప్టెంబరులో మొదలైంది నేరుగా 4జీతోనే, దానికి 2జీ, 3జీ లేవు. కాబట్టి జియోలో మాట కూడా వోల్టీ (4జీ మీదే కాల్ పంపే పద్ధతి) మీదే పోవాలి. సెట్టింగ్స్‌లో వోల్టీ ఆఫ్ అయి ఉంటే నెట్ వస్తుంది, కాల్ పోదు. ఎయిర్‌టెల్, వీఐలకి 2జీ ఉంది కనుక వోల్టీ ఆఫ్‌లో ఉన్నా కాల్ వెళ్తుంది, కానీ కాల్ చేసినప్పుడల్లా పైన 4జీ గుర్తు పోయి 2జీని సూచించే ఇంగ్లీషు 'ఈ' అక్షరం వస్తుంది, మాట్లాడినంతసేపూ నెట్ ఆగుతుంది. "ఫోన్ మాట్లాడుతుంటే వాట్సాప్ రావట్లేదు" అనేవాళ్లు చూసుకోవాల్సింది ఇదే.

బీఎస్ఎన్ఎల్ స్వదేశీ 4జీని 2025 సెప్టెంబరు 27న దేశమంతటా లాంఛనంగా ప్రారంభించారు. అది ముఖ్యంగా 700 మెగాహెర్ట్జ్ (బ్యాండ్ 28), 2100 మెగాహెర్ట్జ్ (బ్యాండ్ 1) మీద నడుస్తుంది. చిక్కు ఎక్కడంటే, మన దేశంలో అమ్మిన పాత 4జీ ఫోన్లు చాలావాటిలో 1, 3, 5, 8, 40, 41 బ్యాండ్లు ఉంటాయి గాని 28 ఉండదు. ఊళ్లో టవర్ 28 మీదే ఇస్తుంటే ఆ ఫోన్‌కి 4జీ కనపడదు, పక్కింటివాళ్ల కొత్త ఫోన్‌లో మాత్రం దండిగా వస్తుంది. ఫోన్ చెడిపోలేదు, దానికి ఆ బ్యాండు లేదంతే. బీఎస్ఎన్ఎల్‌కి మారేముందు మీ మోడల్ బ్యాండ్ల పట్టికలో 28 ఉందో లేదో చూసుకోండి.

5జీ మన దేశంలో 2022 అక్టోబరు 1న మొదలైంది. జియోది ఎస్ఏ పద్ధతి, అంటే 4జీ సాయం లేకుండా తన కాళ్ల మీద నిలబడే 5జీ. ఎయిర్‌టెల్ ఎన్ఎస్ఏతో మొదలుపెట్టింది, అందులో 5జీ 4జీని ఆసరాగా పట్టుకుని నడుస్తుంది. తొలినాళ్ల 5జీ ఫోన్లు కొన్నిటికి ఎస్ఏ లేదు, లేదా అప్‌డేట్‌తో వచ్చింది. అందుకే ఒకే ఫోన్‌లో ఒక సిమ్‌కి 5జీ వచ్చి మరోదానికి రాకపోవచ్చు. బ్యాండ్లలో ఎన్78 (3300 మెగాహెర్ట్జ్) ఇద్దరికీ కావాలి. జియోకి ఎన్28 (700) కూడా ఉంటే ఇంటి లోపల బాగా అందుతుంది. 4జీ సిమ్‌తోనే 5జీ వస్తుంది, కొత్త సిమ్ కొనమని ఫోన్ చేసి ఓటీపీ అడిగేవాళ్లకి చెప్పకండి.

5జీ రాకపోతే మొబైల్ నెట్‌వర్క్ సెట్టింగ్స్‌లో '5జీ/4జీ/3జీ/2జీ ఆటో' ఎంచుకోండి. సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ చెయ్యండి, ప్లాన్‌లో 5జీ ఉందో చూడండి. *#*#4636#*#* మెనూలోకి పోయి 'ఎన్ఆర్ ఓన్లీ' (5జీ మాత్రమే) పెట్టమని వీడియోల్లో చెబుతుంటారు. 5జీకి 4జీ ఆసరా కావలసిన చోట అలా పెడితే సిగ్నల్ మొత్తం పోతుంది, ఎమర్జెన్సీలో కాల్ వెళ్లదు. వద్దు. ఇంకో సంగతి: ఇంట్లో 5జీ వస్తూ పోతూ ఉంటే ఫోన్ దాన్ని వెతుక్కుంటూ బ్యాటరీ తాగేస్తుంది. అలాంటిచోట 4జీకి దించుకుంటే పూట ఛార్జింగ్ మిగులుతుంది. శ్లాబు ఇంటి వెనక గదిలో, సెల్లార్‌లో ఏదీ రాకపోతే, వైఫై ఉంటే వైఫై కాలింగ్ ఆన్ చెయ్యండి.

అమెరికా నుంచి ఐఫోన్ తెప్పించుకునే ఇళ్లు మనలో ఎక్కువ. ఐఫోన్ 14 నుంచి అమెరికా మోడళ్లకి సిమ్ స్లాటే లేదు, ఈ-సిమ్ మాత్రమే. జియో, ఎయిర్‌టెల్, వీఐ ఈ-సిమ్ ఇస్తాయి కాబట్టి పనిచేస్తుంది. కానీ తెర పగిలిన రోజు సిమ్ తీసి వేరే ఫోన్‌లో వేసుకోవడం కుదరదు, ఓటీపీ కోసం స్టోరుకి వెళ్లాల్సి వస్తుంది. ఇక్కడినుంచి ఫోన్ తీసుకుని చదువుకో, పిల్లల దగ్గరికో వెళ్లేవాళ్లు: అమెరికాలో ఏటీ అండ్ టీ, వెరైజన్ 2022లోనే 3జీ మూసేశాయి. అక్కడి వోల్టీకి అనుమతి ఉన్న మోడల్ కాకపోతే నెట్ వచ్చినా కాల్ పోకపోవచ్చు. టికెట్ తీసుకున్నాక ఆ కంపెనీ సైటులో మీ ఐఎంఈఐ వేసి చూసుకోండి.

షాపులో ఇచ్చేముందు, తీసుకునేముందు

బ్యాకప్ తీయండి. సిమ్, మెమొరీ కార్డు ఇంట్లోనే ఉంచుకోండి. పిన్ చెప్పొద్దు. శాంసంగ్‌లో మెయింటెనెన్స్ మోడ్, పిక్సెల్‌లో రిపేర్ మోడ్ పెడితే వాళ్లు ఫోన్ పరీక్షించగలరు గాని మీ ఫోటోలు, పేమెంట్ యాప్‌లు కనపడవు. రసీదు మీద ఐఎంఈఐ, లోపం, ఒప్పుకున్న ధర, వేసే పార్టు రకం, ఎన్నాళ్లు గ్యారంటీ రాయించండి. రిపేరు ఖర్చు ఆ ఫోన్ ఇప్పటి సెకండ్ హ్యాండ్ ధరలో సగం దాటితే, లోపలి డేటా కోసం తప్ప చేయించొద్దు.

తీసుకునేటప్పుడు కౌంటర్ దగ్గరే సిమ్ వేసి ఒక కాల్ మాట్లాడండి, స్పీకర్‌లో ఒకసారి, చెవి దగ్గర ఒకసారి. చెవి దగ్గర పెట్టినప్పుడు తెర ఆరుతోందా చూడండి, ఆరకపోతే సెన్సర్ సరిగ్గా కూర్చోలేదు. ముందు, వెనక కెమెరాలు తెరవండి, వేలిముద్ర వెయ్యండి, తెరంతా వేలితో దున్నండి, కేబుల్ గుచ్చి ఛార్జింగ్ గుర్తు చూడండి, సిగ్నల్ డీబీఎం ఇచ్చేముందు ఉన్న అంకెతో పోల్చండి. బ్యాక్ ప్యానెల్ అంచు గోటితో చుట్టూ తడమండి. ఎక్కడైనా గోరు దిగితే అక్కడ జిగురు పట్టలేదు, మళ్లీ క్లిప్పులు పెట్టించి ఓ గంట ఆగి తెచ్చుకోండి.